సముద్రం లేని దేశపు ముడి చమురు ఓడ ఎలా ఎక్కుతుంది: అజర్‌బైజాన్ ఉదాహరణతో ఒక సమాధానం

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. అజర్‌బైజాన్‌కు ఉన్న తీరం కాస్పియన్‌ది మాత్రమే, అక్కడి నుంచి పెద్ద ట్యాంకర్లు మహాసముద్రంలోకి వెళ్ళలేవు. అలాంటప్పుడు ఆ దేశపు ప్రభుత్వ చమురు సంస్థ సోకార్ తన ముడి చమురును ఇటలీకో మన దేశానికో ఎలా అమ్మగలుగుతోంది, మధ్యలో ఉన్న దేశం గొట్టాన్ని కట్టేస్తే ఏమవుతుంది, సరుకు మీద యాజమాన్యం ఏ చోట చేతులు మారుతుంది అని మీరు అడిగారు. నేను విశాఖపట్నంలో దిగుమతి సరుకులు చూసే ఉద్యోగంతో ఈ రంగంలోకి వచ్చి, తరువాత జెనీవాలో ముడి చమురు ఆపరేషన్స్‌లో చాలాకాలం పనిచేశాను కాబట్టి నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, ఆ సంస్థ ఎగుమతి చమురును తన దేశంలో అమ్మదు. పరాయి దేశపు రేవులో అమ్ముతుంది. రాజధాని బాకు దగ్గర గొట్టంలోకి ఎక్కించిన చమురు జార్జియా మీదుగా సాగి, తుర్కియేలోని మధ్యధరా తీరపు రేవైన జేహాన్ చేరేదాకా అమ్మకందారుదే. అక్కడ కొనుగోలుదారు ట్యాంకర్‌కు లోడింగ్ గొట్టాలు బిగించి చమురు ఎక్కించేటప్పుడు, గొట్టమూ ఓడా కలిసే అంచు దగ్గర యాజమాన్యం, నష్టభయం రెండూ మారతాయి. ధర మాత్రం ఈ మూడు దేశాల్లో ఎక్కడా నిర్ణయం కాదు, అది ఉత్తర సముద్రపు బ్రెంట్ సూచీకి ముడిపడి ఉంటుంది. కనుక ప్రభుత్వ వ్యాపార సంస్థ చేతిలో నిజంగా ఉండేవి మూడు: పొరుగు దేశాల గుండా చమురు పంపే హక్కు, గొట్టం చివర తన వంతుగా తీసుకునే పరిమాణం, ఆ చమురు నాణ్యత చెడకుండా కాపాడుకోవడం. బేరమాడే నేర్పు వీటి తరువాతే వస్తుంది. దేశానికి మిగిలే డబ్బులో పెద్ద భాగాన్ని గొట్టం వేయకముందు కుదిరిన ఒప్పందాలే నిర్ణయించేస్తాయన్నది ఇన్నేళ్ళలో నాకు బలపడిన అభిప్రాయం.

ముందుగా, ఎవరి చమురు అన్నది తేల్చుకోవాలి. అజర్‌బైజాన్ చమురులో ముఖ్యభాగం ఆజేరీ-చిరాగ్-గునేష్లీ అనే సముద్రగర్భ క్షేత్రాలది. వాటి మీద 1994 సెప్టెంబరు 20న విదేశీ కంపెనీలతో ఉత్పత్తి పంపక ఒప్పందం కుదిరింది, 2017లో దానిని 2049 వరకు పొడిగించారు. ఇలాంటి ఒప్పందంలో కంపెనీలు ముందు తమ ఖర్చులకు సరిపడే చమురు తీసుకుంటాయి, మిగిలినది లాభపు చమురు. పొడిగింపు తరువాత ఆ లాభపు చమురులో 75 శాతం దేశానిది. అదికాక ఆ పొడిగింపుతో ఒప్పందంలో సోకార్ సొంత వాటా 25 శాతానికి పెరిగింది. అంటే సోకార్ అమ్మే పీపాలు (బ్యారెళ్ళు) రెండు రకాలు: రాజ్యం తరఫున అమ్మేవి, తన వాటా కింద అమ్మేవి. మొదటి రకం పీపాల సొమ్ము 1999 చివర్లో ఏర్పాటైన రాజ్య చమురు నిధికి చేరుతుంది. సోకార్‌కు 2007లో జెనీవా కేంద్రంగా ఏర్పడిన వ్యాపార విభాగం కూడా ఉంది, అది సొంత దేశపు చమురుతో ఆగకుండా ఇతరుల చమురును కూడా కొని అమ్ముతుంది. బయటి నుంచి చూసేవారు వీటన్నిటినీ ఒకే సంస్థగా లెక్కిస్తారు, కానీ ఏ పీపా ఏ ఖాతాలోది అన్న లెక్క తప్పితే దేశపు ఆదాయపు లెక్కే తప్పుతుంది.

ఇక దారి సంగతి. సముద్రం లేని దేశానికి పొరుగు దేశం దారి ఇవ్వాలని అంతర్జాతీయ చట్టం చెబుతోంది కదా అని చాలామంది అనుకుంటారు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలోని 125వ అధికరణం ఆ హక్కును గుర్తించిన మాట నిజమే. కానీ 124వ అధికరణం రవాణా సాధనాల నిర్వచనంలో రైళ్ళను, పడవలను, రోడ్డు బళ్ళను, చివరికి బరువులు మోసే కూలీలను, పశువులను కూడా చేర్చి, చమురు గొట్టాలను మాత్రం సంబంధిత దేశాలు పరస్పరం ఒప్పుకుంటేనే చేర్చవచ్చని వదిలేసింది. పైగా తుర్కియే ఆ ఒప్పందంలో చేరనేలేదు. కాబట్టి గొట్టానికి దారి అన్నది పుట్టుకతో వచ్చే హక్కు కాదు, ప్రతి దేశంతోనూ విడిగా రాసుకోవలసిన ఒప్పందం.

బాకు-త్బిలిసి-జేహాన్ గొట్టం విషయంలో జరిగింది అదే. 1999 నవంబరులో ఇస్తాంబుల్‌లో మూడు దేశాల మధ్య అంతర్ప్రభుత్వ ఒప్పందం కుదిరింది, ఆ తరువాత ఒక్కో దేశమూ గొట్టం యజమానులతో విడిగా ఒప్పందం చేసుకుంది. గొట్టం పొడవు 1,768 కిలోమీటర్లు: అజర్‌బైజాన్‌లో 443, జార్జియాలో 249, తుర్కియేలో 1,076. దారిలో అది 2,800 మీటర్లకు పైబడిన ఎత్తు ఎక్కి దిగుతుంది. మొదటి చమురు 2005 మేలో గొట్టంలోకి ఎక్కింది, 2006 మే చివరికి గాని జేహాన్ చేరలేదు. అందరూ దూరాన్ని, ఖర్చును గురించి మాట్లాడతారు గాని, ఈ పని వాళ్ళకు అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆ గొట్టం నిండడానికే సుమారు కోటి పీపాల చమురు కావాలి. దానిని లైన్‌ఫిల్ అంటాము. గొట్టం పనిచేస్తున్నంత కాలం ఆ చమురు అమ్మకానికి రాదు, అది ఎవరి పెట్టుబడో వారి ఖాతాలో అలాగే నిలిచి ఉంటుంది. రోజుకు పది లక్షల పీపాలు ప్రవహిస్తే ఈ రోజు బాకు దగ్గర ఎక్కిన చమురు జేహాన్ చేరడానికి సుమారు పది రోజులు, ప్రవాహం తగ్గితే ఇంకా ఎక్కువ.

దీని నుంచి వచ్చే అసలు విషయం ఏమిటంటే, జేహాన్‌లో మీరు అందుకునే పీపా బాకులో మీరు ఎక్కించిన పీపా కాదు. గొట్టంలో అందరి చమురూ కలిసిపోతుంది. చమురు ఎక్కించిన ప్రతి సంస్థకు అవతలి చివర అంతే పరిమాణం మీద, నష్టపు లెక్క తీసివేసిన తరువాత, హక్కు ఉంటుంది. ఆ హక్కు పీపాలుగా రోజూ కొద్దికొద్దిగా పోగవుతుంది, కానీ ఓడ ఒక్కసారే ఆరు లక్షలో పది లక్షలో పీపాలు తీసుకువెళుతుంది. అందువల్ల ఎప్పుడు చూసినా ఒకరు తమ వంతు కంటే ఎక్కువ తీసుకుని ఉంటారు, మరొకరు తక్కువ తీసుకుని ఉంటారు. వీటిని ఓవర్‌లిఫ్ట్, అండర్‌లిఫ్ట్ అంటారు. చిన్న వాటాదారుకు సొంతంగా ఒక ఓడ నిండేంత చమురు పోగవడానికి చాలా కాలం పడుతుంది, కాబట్టి మరొకరితో కలిసి ఒకే ఓడను నింపుకుంటారు. ప్రభుత్వ సంస్థకు ఇక్కడ ఒక ఇరుకు ఉంది. బడ్జెట్ అవసరాల వల్ల దానికి డబ్బు ఎప్పుడూ ముందే కావాలి. ముందు నెలలో ఎక్కువ తీసుకున్న సంస్థ తరువాతి నెలలో ధర బాగున్నా తన వంతు తగ్గించుకోక తప్పదు. ఆ లోటు ఏ నెల ఖాతాలో కనిపిస్తుందన్నది ఆర్థిక శాఖకు ముందుగానే చెప్పగలిగిన వ్యాపార విభాగమే పని తెలిసిన విభాగమని నేను భావిస్తాను.

జేహాన్ రేవులో పని ఎలా జరుగుతుందో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మీ మూడో ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. రేవులో ఒక్కొక్కటి సుమారు పది లక్షల పీపాలు పట్టే ట్యాంకులు ఏడు ఉన్నాయి, సముద్రంలోకి 2.6 కిలోమీటర్లు చొచ్చుకుపోయిన జెట్టీ ఉంది, దానికి ఏకకాలంలో రెండు పెద్ద ట్యాంకర్లు కట్టవచ్చు. తుర్కియే భూభాగంలోని గొట్టాన్ని, రేవును తుర్కియే ప్రభుత్వ సంస్థ బోటాష్‌కు చెందిన కంపెనీ నడుపుతుంది. అంటే చమురు అజర్‌బైజాన్‌ది అయినా, కవాటం తిప్పే చేయి అజర్‌బైజాన్‌ది కాదు. ప్రతి నెలా చమురు హక్కుదారులందరూ వచ్చే నెలకు తమకు కావలసిన తేదీలు తెలియజేస్తారు, వాటిని సర్ది ఒక లోడింగ్ కార్యక్రమం తయారుచేస్తారు. ఒక్కో సరుకుకు కొద్ది రోజుల గడువు కేటాయిస్తారు, దానిని లేకాన్ అంటారు. ఆ గడువులోపు ఓడ వచ్చి సిద్ధంగా ఉన్నానని నోటీసు ఇవ్వాలి.

అమ్మకం రేవు దగ్గరే ముగిసే ఎఫ్‌ఓబీ పద్ధతిలో అయితే ఓడను తెచ్చే బాధ్యత కొనుగోలుదారుది. కొనుగోలుదారు ఓడ పేరు పంపగానే రేవు వాళ్ళు, అమ్మకందారు వాళ్ళు దాని తనిఖీ నివేదికలు, వయసు, గత ప్రమాదాలు, బీమా పత్రాలు చూస్తారు. ఒక సందర్భంలో నేను పనిచేసిన వైపు ఒక ఓడకు తనిఖీ నివేదిక గడువు దాటిపోయిందన్న కారణంతో అనుమతి రాలేదు. బదులు ఓడ వెతికేలోపు లేకాన్ దాటింది, మా సరుకు తేదీ మరొకరికి పోయింది, మేము వరుసలో వెనక్కి జరిగాము. ఆలస్యపు భారం మొత్తం కొనుగోలుదారు మీదే పడింది. అదే రేవు వైపు ఆలస్యమై ఓడ ఖాళీగా నిలబడితే డెమరేజ్, అంటే ఓడను ఆపినందుకు కట్టే పరిహారం, అమ్మకందారు చెల్లించాలి. ఎవరి వల్ల ఎన్ని గంటలు పోయాయన్న లెక్క మీద నెలల తరబడి ఉత్తరాలు నడుస్తాయి.

ఓడ జెట్టీకి చేరాక, ఇరుపక్షాలూ ఒప్పుకున్న స్వతంత్ర సర్వేయర్ ముందు ఖాళీ ట్యాంకులను పరిశీలిస్తాడు. అడుగున పాత చమురు ఎంత మిగిలి ఉందో రాసుకుంటాడు. లోడింగ్ పూర్తయ్యాక డెక్ మీద ఒక్కో ట్యాంకుకు ఉన్న మూత దగ్గర యూటీఐ అనే కొలత టేపును దించుతాడు. టేపు చివర ఉన్న గ్రాహకం చమురు పైమట్టాన్ని తాకగానే ఆగకుండా కూత వేస్తుంది, అడుగున నీరు తగిలితే ఆగి ఆగి కూస్తుంది. ఆ తేడాను చెవితో పట్టుకుని, అంకె చదివి, ఉష్ణోగ్రతతో కలిపి రాస్తారు. చమురు వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి పరిమాణాన్ని 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఎంత ఉంటుందో దానికి సరిచేస్తారు. నమూనాలు సీసాలలో తీసి సీలు వేసి ఇరుపక్షాలకూ, ఓడకూ ఇస్తారు. రేవు చెప్పిన పరిమాణానికీ ఓడ కొలతకూ తేడా వస్తే, ఆ ఓడ గత ప్రయాణాల్లో ఎంత తేడా చూపిందో ఆ నిష్పత్తితో పోల్చి చూస్తారు. అన్నీ సరిపోయాక ఓడ కెప్టెన్ బిల్ ఆఫ్ లేడింగ్ మీద, అంటే సరుకు ఓడకెక్కిందని చెప్పే పత్రం మీద, సంతకం చేస్తాడు. ఆ కాగితం మీద ఉన్న తేదీ, పరిమాణం ఈ వ్యాపారానికి ఆయువుపట్టు. ధర ఆ తేదీ నుంచే లెక్కిస్తారు, డబ్బు ఎప్పుడు రావాలో ఆ తేదీ నుంచే లెక్కిస్తారు.

ధర ఎలా కడతారంటే, సాధారణంగా బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ చుట్టూ లేదా దాని తరువాత వచ్చే కొన్ని రోజుల డేటెడ్ బ్రెంట్ (లోడింగ్ తేదీలు ఖరారైన బ్రెంట్ సరుకుల ధర సూచీ) సగటుకు ఒక తేడాను కలుపుతారు లేదా తీసివేస్తారు. అమ్మకందారు, కొనుగోలుదారు బేరమాడేది ఆ తేడా మీదనే గాని మొత్తం ధర మీద కాదు. ఆజేరీ లైట్ అనబడే ఈ చమురు తేలికైనది, గంధకం చాలా తక్కువ, సుమారు 0.15 శాతం. అందుకే అది చాలాసార్లు బ్రెంట్ కంటే ఎక్కువ ధరకే పోతుంది. మధ్యధరా మార్కెట్లో దీని ధరను ఇటలీలోని ఆగుస్తా రేవుకు చేర్చిన ధరగా ప్రకటించే ఆనవాయితీ ఉంది. ఉదాహరణకు, ఇవి కేవలం లెక్క కోసం వేసుకున్న అంకెలని గుర్తుంచుకోండి, బ్రెంట్ 70 డాలర్లు, ఆగుస్తాలో తేడా 3 డాలర్లు అనుకుందాం. 73 డాలర్ల నుంచి ఓడ కిరాయి 1.50 తీసివేస్తే జేహాన్ ధర 71.50. దాని నుంచి గొట్టపు రుసుము, రేవు ఖర్చు కలిపి 4 డాలర్లు పోతే బాకు దగ్గర మిగిలేది 67.50. దీనిని నెట్‌బ్యాక్ అంటాము. పది లక్షల పీపాల ఓడ మీద బేరంలో పది సెంట్లు పెంచుకున్నా వచ్చేది లక్ష డాలర్లు. గొట్టపు రుసుములో ఒక్క డాలరు మార్పు దానికి పదింతలు. ఇందుకే పైన ఒప్పందాల గురించి అంత నొక్కి చెప్పాను.

నాణ్యత విషయంలో దారి ఎంపిక ధరనే మార్చేస్తుంది. అజర్‌బైజాన్‌కు మరో రెండు పాత దారులున్నాయి. ఒకటి 1997 నుంచి వాడుకలోకి వచ్చిన బాకు-నోవొరోసీస్క్ గొట్టం, రష్యా మీదుగా నల్ల సముద్రానికి వెళుతుంది. రెండోది 1999లో మొదలైన బాకు-సుప్సా గొట్టం, జార్జియా తీరానికి, 833 కిలోమీటర్లు. రష్యా గొట్టంలో వేసిన తేలికైన ఆజేరీ చమురు దారిలో రష్యా చమురుతో కలిసి, అవతలి చివర బరువైన, గంధకం ఎక్కువ ఉన్న రష్యా రకంగా బయటికి వస్తుంది. మంచి చమురు పోసినవారికి ఆ తేడాకు పరిహారం లేదు. కొన్ని గొట్టాల్లో ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి క్వాలిటీ బ్యాంక్ అనే లెక్క ఉంటుంది: మంచి చమురు పోసినవారికి తక్కువ రకం పోసినవారి నుంచి డబ్బు చేరుతుంది. కజకిస్తాన్ చమురును నోవొరోసీస్క్ దగ్గరికి చేర్చే కాస్పియన్ కన్సార్టియం గొట్టంలో ఈ ఏర్పాటు ఉంది, రష్యా ప్రభుత్వ గొట్టపు వ్యవస్థలో లేదు. సుప్సా దారిలో నాణ్యత నిలుస్తుంది గాని, ఆ ఓడలు ఇస్తాంబుల్ జలసంధిని దాటాలి. అక్కడ పెద్ద ట్యాంకర్లు పగటి పూటే దాటాలి కాబట్టి చలికాలంలో వరుసలు పెరుగుతాయి, ఓడ ఒక్కో రోజు ఆగినందుకు కిరాయి పెరుగుతుంది. జేహాన్ మధ్యధరా మీద ఉండడం వల్ల ఆ జలసంధి బెడద లేదు. ఆ గొట్టం కోసం అంత పట్టుబట్టడానికి ఉన్న బలమైన కారణాలలో ఇది ఒకటి.

కలిసిన చమురుతో మరో ప్రమాదం కల్తీ. 2019 ఏప్రిల్‌లో రష్యా నుంచి యూరప్ వెళ్ళే ద్రుజ్బా గొట్టంలో ఆర్గానిక్ క్లోరైడ్లు కలిసినప్పుడు మొత్తం వ్యవస్థ ఆగిపోయింది. 2025 జూలైలో జేహాన్ చమురులో కూడా అవే క్లోరైడ్లు బయటపడి, కొనుగోలుదారులు వెనకాడారు, లోడింగులు ఆలస్యమయ్యాయి. శుద్ధి కర్మాగారంలో ఈ క్లోరైడ్లు ఆమ్లంగా మారి లోహాన్ని తినేస్తాయి. కనుక ఇలాంటి వార్త వచ్చిన వారంలో అమ్మకందారు ఎంత పేరున్నవాడైనా కొనుగోలుదారు అడిగేది ఒక్కటే: లోడ్ చేసే ట్యాంకు నుంచి తీసిన తాజా నమూనా ఫలితం.

పుట్టుక పత్రం కూడా నాణ్యతంత విలువైనదే అయింది. రష్యా ప్రభుత్వ గొట్టాల గుండా వచ్చి రష్యా రేవుల నుంచి బయలుదేరే కజకిస్తాన్ చమురు భౌతికంగా రష్యా చమురుతో సమానమైనదే అయినా, ఆంక్షల భయంతో బ్యాంకులు దాన్ని ముట్టుకోవడానికి సందేహించాయి. అందుకే 2022 జూన్ నుంచి దానికి కెబ్‌కో అనే వేరే పేరు పెట్టి, కజకిస్తాన్ పుట్టుక పత్రంతో అమ్ముతున్నారు. సముద్రం లేని దేశం పొరుగువాడి గొట్టం వాడుకుంటే పొరుగువాడి మీద పడిన ఆంక్షల నీడ కూడా తన మీద పడుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: గొట్టం ఆగిపోతే? 2008 ఆగస్టు 5న తుర్కియేలోని రెఫాహియే దగ్గర ఈ గొట్టం కవాటం ఒకటి పేలి మంటలు లేచాయి, కుర్దు సాయుధ సంస్థ పీకేకే తానే చేశానని ప్రకటించుకుంది. కొద్ది రోజుల్లోనే జార్జియాలో యుద్ధం మొదలై సుప్సా గొట్టం కూడా మూతపడింది, రైలు వంతెన ఒకటి కూలింది. మూడు దారులున్నాయనుకున్న దేశానికి ఒకే వారంలో రష్యా దారి ఒక్కటే మిగిలింది. దాని సామర్థ్యం సరిపోక సముద్రంలో ఉత్పత్తినే తగ్గించవలసి వచ్చింది. నేను అప్పుడు కొనుగోలుదారు వైపు ఉన్నాను. ఫోర్స్ మజ్యూర్ ప్రకటన వచ్చింది, అంటే తమ చేతుల్లో లేని కారణం వల్ల సరుకు ఇవ్వలేకపోతున్నామని, ఒప్పందం ప్రకారం పరిహారం కట్టనక్కరలేదని అమ్మకందారు తెలియజేశాడు. కొనుగోలుదారుకు పరిహారం లేదు గాని శుద్ధి కర్మాగారానికి చమురు కావాలి, కాబట్టి అదే నాణ్యత ఉన్న ఆఫ్రికా రకాల కోసం మార్కెట్ మీద పడ్డాము. మాలాగే అందరూ పడ్డారు, ధరలు ఎక్కాయి. గొట్టం ఆగస్టు చివర్లో మళ్ళీ నడిచింది.

2023 ఫిబ్రవరి 6 నాటి భూకంపం వేరే పాఠం. గొట్టం చెడలేదు, రేవు దగ్గర లోడింగ్ ఆగింది, దాదాపు వారం తరువాత మళ్ళీ మొదలైంది. అలాంటప్పుడు చూడవలసినది ట్యాంకులలో ఎంత ఖాళీ ఉందన్నది. రోజుకు ఆరేడు లక్షల పీపాలు వస్తూ ఉంటే, ఏడు ట్యాంకులూ ఖాళీగా ఉన్నా పది పన్నెండు రోజుల్లో నిండుతాయి, నిజానికి అవి ఎప్పుడూ ఖాళీగా ఉండవు. ట్యాంకులు నిండితే గొట్టం ఆపాలి, గొట్టం ఆపితే సముద్రంలోని బావులు ఆపాలి. సముద్రం లేని దేశంలో నిల్వ సామర్థ్యం రేవులో ఉంటుంది, రేవు వేరే దేశంలో ఉంటుంది. ఇది మరచిపోయి ఉత్పత్తి లెక్కలు మాత్రమే చూసే విశ్లేషణలు నాకు ఎప్పుడూ అసంపూర్తిగా అనిపిస్తాయి.

ఈ గొట్టంలో ఇప్పుడు ఖాళీ చాలా ఉంది. 2010లో ఎనిమిది లక్షల పీపాలు దాటిన ఆజేరీ క్షేత్రాల రోజువారీ ఉత్పత్తి ఆ తరువాత సగానికి దిగువకు పడిపోయింది, గొట్టం సామర్థ్యం మాత్రం పన్నెండు లక్షలు. అందుకే తుర్క్‌మెనిస్తాన్ చమురును 2010 నుంచి, కజకిస్తాన్ ప్రభుత్వ సంస్థతో 2022లో కుదిరిన ఏడాదికి 15 లక్షల టన్నుల ఒప్పందం ప్రకారం 2023 నుంచి ఆ దేశపు చమురును కూడా కాస్పియన్ మీదుగా చిన్న ట్యాంకర్లలో తెచ్చి కలుపుతున్నారు. ఇతరులకు దారి అమ్మడం అజర్‌బైజాన్‌కు ఆదాయం, కానీ కలిసిన చమురు నాణ్యతను కాపాడే పని అంతకంతకూ కష్టమవుతుంది.

అజర్‌బైజాన్ అదృష్టవంతమైన ఉదాహరణ అని కూడా చెప్పాలి. గొట్టం యజమానుల్లో సోకార్‌కు పెద్ద వాటా ఉంది, పెద్ద విదేశీ కంపెనీలు తోడున్నాయి, దారి ఇచ్చే దేశాలకు కూడా గొట్టం నడవడంలో లాభం ఉంది. దక్షిణ సూడాన్ పరిస్థితి చూడండి. 2011 జూలైలో స్వతంత్రమైనప్పుడు చమురు బావుల్లో ముప్పాతిక భాగం దానికి, గొట్టాలూ రేవూ శుద్ధి కర్మాగారాలూ సూడాన్‌కు దక్కాయి. గొట్టపు రుసుము మీద ముందుగా ఒప్పందం లేదు. సూడాన్ పీపాకు 30 డాలర్లకు మించి అడిగింది, దక్షిణ సూడాన్ ఒక డాలరు లోపే ఇస్తానంది. 2012 జనవరిలో దక్షిణ సూడాన్ రోజుకు మూడున్నర లక్షల పీపాల ఉత్పత్తిని తానే ఆపివేసింది, 2013 ఏప్రిల్ వరకు మళ్ళీ మొదలుకాలేదు. ఆ దేశపు ఆదాయం దాదాపు అంతా చమురుదే. మరో చిక్కు, ఆ చమురు మైనం ఎక్కువ ఉన్నది, చల్లబడితే గొట్టంలోనే గడ్డకడుతుంది, కాబట్టి దారి పొడవునా వేడి చేస్తూ నడపాలి. 2024 ఫిబ్రవరిలో సూడాన్ అంతర్యుద్ధం మధ్య జరిగినది అదే: గొట్టం గడ్డకట్టి, పగిలి, ఆ ఏడాదంతా ఆ మార్గం నిలిచిపోయింది. నైజర్ నుంచి బెనిన్ తీరానికి 2024లో గొట్టం సిద్ధమై మొదటి ఓడ వచ్చాక కూడా సరిహద్దు తగాదా వల్ల బెనిన్ ప్రభుత్వం లోడింగ్‌కు కొన్నాళ్ళు అడ్డం తిరిగింది. ఈ రెండు సందర్భాల్లోనూ చమురు అమ్మే ఉద్యోగి ఎంత సమర్థుడైనా చేయగలిగింది ఏమీ లేదు.

చాద్ అనుభవం మరో రకమైనది, దానిని కూడా మీరు తెలుసుకోవాలి. డోబా క్షేత్రాల నుంచి కామెరూన్‌లోని క్రిబి తీరం దాకా 1,070 కిలోమీటర్ల గొట్టం 2003లో మొదలైంది. అక్కడ దారి ఆగలేదు, కామెరూన్ దారి రుసుము పీపాకు మొదట 41 సెంట్లు, 2013లో 1.30 డాలర్లకు పెరిగింది, అది భరించగలిగినదే. దెబ్బ కొట్టినది అప్పు. చాద్ ప్రభుత్వ సంస్థ 2014లో అమెరికా కంపెనీ షెవ్రాన్ వాటాను కొనడానికి గ్లెన్‌కోర్ అనే వ్యాపార సంస్థ నుంచి 145 కోట్ల డాలర్లు, భవిష్యత్తు చమురును తాకట్టుగా చూపించి తీసుకుంది. అదే ఏడాది రెండో సగంలో చమురు ధర కూలింది. దేశం వంతుగా వచ్చే సరుకుల్లో పెద్ద భాగం అప్పు తీర్చడానికే పోయి, ఖజానాకు చేరేది సన్నబడింది. ఆ అప్పును 2015లో, 2018లో, 2022లో తిరగరాసుకోవలసి వచ్చింది. ధర మంచిగా ఉన్నప్పుడు ముందుగా డబ్బు ఇస్తామని వచ్చే వ్యాపారులు ప్రభుత్వ సంస్థలకు ఎప్పుడూ ఉంటారు. పీపాల సంఖ్యతో తీర్చే అప్పు, డాలర్లతో తీర్చే అప్పు రెండూ ధర పడిపోయినప్పుడు వేరువేరుగా ప్రవర్తిస్తాయన్నది సంతకానికి ముందే లెక్క కట్టుకోవాలి. డాలర్లలో రాసుకుంటే ధర సగమైనప్పుడు రెట్టింపు ఓడలు అప్పు కింద వెళ్ళిపోతాయి.

మన దేశంతో సంబంధం గురించి కూడా అడిగారు. మన ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ విదేశ్ 2013లో అమెరికా కంపెనీ హెస్ నుంచి ఆజేరీ క్షేత్రాలలో 2.72 శాతం, జేహాన్ గొట్టంలో 2.36 శాతం వాటాలు కొన్నది, 2024లో నార్వే కంపెనీ ఈక్వినార్ నుంచి ఇంకొంత చేర్చుకుంది. అయితే ఆ వాటాకు వచ్చే చమురు మన రేవులకే రావాలన్న నియమం లేదు. జేహాన్ నుంచి దగ్గరగా ఉన్న మధ్యధరా కర్మాగారాలకు అమ్మితే కిరాయి తక్కువ, అక్కడ వచ్చిన డబ్బుతో మన కర్మాగారాలకు గల్ఫ్ చమురు కొనడం తరచూ లాభసాటి. మన దేశానికి తేవాలంటే సూయెజ్ కాలువ దాటాలి, నిండుగా ఉన్న అతిపెద్ద ట్యాంకర్లు అందులో పట్టవు, పది లక్షల పీపాల స్థాయి ఓడలే సరిపోతాయి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చాయి, ఆ దూరం తేలికైన చమురు మీద దొరికే లాభాన్ని మింగేస్తుంది.

చివరిగా డబ్బు చేతికి అందే క్రమం. సాధారణంగా బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి 30 రోజులకు చెల్లింపు, కొత్త కొనుగోలుదారైతే బ్యాంకు ఎల్‌సీ (డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) ఉండాలి. అసలు పత్రాలు బ్యాంకుల గుండా తిరిగేలోపు ఓడ గమ్యం చేరిపోతుంది కాబట్టి, పత్రాలు లేకుండానే సరుకు దించడానికి పూచీ పత్రం ఇచ్చిపుచ్చుకుంటారు. దింపాక పరిమాణం తగ్గితే, వ్యాపార ఆనవాయితీగా 0.5 శాతం లోపు తేడా మీద సాధారణంగా దావా వేయరు. విశాఖలో మొదట్లో నేను ఇలాంటి తేడాల ఫైళ్ళే చూసేవాణ్ణి, తేడా ఎక్కడ పుట్టిందో తేల్చడానికి జేహాన్‌లోనో మరో రేవులోనో సర్వేయర్ ఓడ మీద రాసుకున్న అడుగు నీటి అంకె దగ్గరికే ప్రతిసారీ వెళ్ళవలసి వచ్చేది. మీరు పరిశోధన కోసం అడుగుతున్నట్లయితే, ఏ ప్రభుత్వ సంస్థ గురించైనా అది ప్రకటించే సగటు అమ్మకపు ధరను అదే నెల డేటెడ్ బ్రెంట్‌తో పోల్చకండి. ఒక్కో ఓడ బిల్ ఆఫ్ లేడింగ్ తేదీని, దాని వెంట ఉన్న ధర రోజులను తీసుకుని పోల్చండి. నెల సగటుతో పోల్చితే ధర పడిపోతున్న నెలల్లో సంస్థ చౌకగా అమ్మినట్టు, పెరుగుతున్న నెలల్లో గొప్పగా అమ్మినట్టు తప్పుగా కనిపిస్తుంది.